కోయని గుడ్డ

సొంత బట్టల బ్రాండు పెట్టాలన్న కోరిక ఇవాళ చాలా ఇళ్ళలో వినిపిస్తోంది. ఫ్యాషన్ కోర్సు చదివినవాళ్ళకే కాదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసినవాళ్ళకీ, పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక ఏదైనా చేద్దామనుకునే ఆడవాళ్ళకీ ఆ కోరిక ఉంది. బట్టల వ్యాపారం తెలిసిన పెద్దలు మాత్రం వద్దంటారు. వాళ్ళు వద్దనడం వెనక చాలా లెక్క ఉంటుంది. పిల్లలు చేస్తామనడం వెనకా లెక్క ఉండొచ్చని వాళ్ళు ఒక పట్టాన నమ్మరు. అలాంటి ఇద్దరి వాదన ఇది. మేనమామది విజయవాడ వస్త్రలతలో టోకు గుడ్డల కొట్టు. మేనకోడలు మంగళగిరి చేనేత గుడ్డతో చొక్కాలు, కుర్తాలు కుట్టించి సొంత పేరుతో అమ్మాలనుకుంటోంది. ఇలాంటి ఇద్దరు బట్టల వ్యాపారమున్న ప్రతి కుటుంబంలోనూ ఉంటారు కాబట్టి పేర్లతో పని లేదు. నా మొగ్గు ఎటో దాచను, మధ్యలో చెబుతాను.

మావయ్య: నీ ఎదురుగా ఎవరున్నారో ముందు చూడమ్మా. టాటా వాళ్ళ జూడియో 2016లో మొదలైంది, ఇవాళ చిన్న ఊళ్ళ దాకా వచ్చేసింది. వెయ్యి రూపాయల లోపు చొక్కా, అదీ ఏసీ షాపులో, తొడిగి చూసుకుని మరీ కొనుక్కోవచ్చు. ఫోన్లో మీషో తెరిస్తే మూడొందలకి కుర్తా గుమ్మంలోకి వస్తుంది. రిలయన్స్ ట్రెండ్స్ ఉంది, మ్యాక్స్ ఉంది. మన ఊరి షాపింగ్ మాల్స్ సరేసరి. వీళ్ళందరి మధ్య రెండు వేల రూపాయల చొక్కా పట్టుకుని నువ్వెక్కడ నిలబడతావు?

మేనకోడలు: వాళ్ళ మధ్య నిలబడను మావయ్యా. వాళ్ళకి వీలుకాని పని ఒకటుంది, అక్కడ నిలబడతాను. అన్ని వందల షాపులున్నవాళ్ళు ఒక రంగు చొక్కా తేవాలంటే అన్ని షాపులకీ, అన్ని సైజుల్లో, ఒకే రంగు గుడ్డ కావాలి. వాళ్ళ పద్ధతిలో చిన్న లాటు కుదరదు. నాకేమో పెద్ద లాటు కుదరదు. మిల్లుకెళ్ళి నాకు నచ్చిన రంగు అద్దిపెట్టమంటే వేల మీటర్లకి ఆర్డరు అడుగుతారు. మంగళగిరిలో ఒక పడుగు వేయిస్తే ఆ రంగు నాదే. పదుల మీటర్లతో సరిపోతుంది. నేను చేనేతని జాలితో ఎంచుకోలేదు. నా దగ్గరున్న కాస్త డబ్బుకి, నాకోసమే గుడ్డ నేసిపెట్టేది మగ్గం ఒక్కటే.

మావయ్య: ఈ మాట బాగుంది. కానీ ఆ మగ్గంతోనే నీకు ఇబ్బంది కూడా. ఆకుపచ్చ పడుగు ఒకటి వేయించావు, అయిపోయింది, ఇంకోటి వేయించావు. రెండు తానులూ పక్కపక్కన పరిస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక చొక్కాకి ఒళ్ళు ఒక లాటుదీ చేతులు ఇంకో లాటుదీ పడ్డాయంటే కొన్నవాడు మళ్ళీ నీ గడప తొక్కడు. పన్నా సంగతి ఆలోచించావా? మిల్లు గుడ్డ 58 అంగుళాల పన్నాలో దొరుకుతుంది. మగ్గం గుడ్డ 44, 46. అదే చొక్కాకి నీకు ఎక్కువ మీటర్లు పడతాయి. ఉతికితే లాగేసేది మళ్ళీ వేరే.

మేనకోడలు: ప్రతి లాటుకీ నంబరు వేస్తాను. ఒక లాటు గుడ్డ ఇంకో లాటుతో కలవదు. అయిపోయిన రంగు మళ్ళీ అచ్చం అలాగే రాదని ముందే చెప్పి అమ్ముతాను. లాగడం సంగతంటారా, కత్తెర పెట్టేముందే తాను మొత్తం నీళ్ళలో నానబెట్టి, నీడలో ఆరబెట్టి, ఇస్త్రీ చేయిస్తాను. దిగే రంగు ఏమైనా ఉంటే అప్పుడే దిగిపోతుంది. దిగడం ఆగకపోతే ఆ తాను కుట్టుకి వెళ్ళదు.

మావయ్య: తానుకి ఖర్చు పెరుగుతుంది.

మేనకోడలు: పెరుగుతుంది. అది ధరలో వేసుకుంటాను.

మావయ్య: అయితే ధర దగ్గరికే వద్దాం. కాగితం తీసుకో. నాలుగు రంగులు, ఎస్ నుంచి డబుల్ ఎక్స్ఎల్ దాకా ఐదు సైజులు. ఒక్కో రంగులో ఒక్కో సైజుకి ఆరు చొప్పున 120 చొక్కాలు. చేతులు పొడుగువైతే మగ్గం గుడ్డ రెండున్నర మీటర్లు పట్టుకో. మొత్తం 300 మీటర్లు. మీటరు 300 అనుకుంటే గుడ్డకే 90,000. కుట్టుకూలి, గుండీలు, కాజాలు, లేబులు, ఇస్త్రీ, కవరు అన్నీ కలిపి చొక్కాకి 350 చొప్పున 42,000. వెరసి 1,32,000. అంటే ఒక్కోటి నీకు 1,100 పడింది. పన్ను కాకుండా 2,200కి అమ్ముదామనుకున్నావు. 60 అమ్మితే అసలు వచ్చేస్తుంది, మిగతా 60 లాభం అని నీ లెక్క. అవునా?

మేనకోడలు: సుమారుగా అంతే.

మావయ్య: అక్కడే పొరపాటు. ఆ 2,200లో ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకి కొంత పోతుంది, కొరియరుకి కొంత. డబ్బు ఇంటిదగ్గరే ఇస్తామన్న పార్సిళ్ళలో కొన్ని తలుపు దాకా వెళ్ళి వెనక్కొస్తాయి. రానుపోను ఖర్చు నీదే. చొక్కాకి 500 పోయిందనుకో, చేతికొచ్చేది 1,700. ఇప్పుడు అసలు రావడానికే 78 అమ్మాలి. ఏవి అమ్ముడవుతాయి? ఎం, ఎల్, ఎక్స్ఎల్. నాలుగు రంగుల్లోనూ ఆ మూడు సైజులూ ఒక్కటి మిగలకుండా పోయినా 72 చొక్కాలే. 78కి ఇంకా ఆరు తక్కువ. అటు చివర సైజూ ఇటు చివర సైజూ 48 చొక్కాలు అలమారలో ఉంటాయి. వాటిలో నీ డబ్బు 52,800. రెండో లాటుకి నూలు కొనాల్సిన డబ్బు అదేనమ్మా. అలమారలో చొక్కాలుంటాయి, చేతిలో రూపాయి ఉండదు. అప్పుడు సగం ధరకి డిస్కౌంటు పెడతావు. రెండు వేలకి కొన్నవాళ్ళు ఆ ధర చూసి, ఇకమీదట డిస్కౌంటు పెట్టేదాకా ఆగుదాంలే అనుకుంటారు. చిన్న బ్రాండ్లు నా కళ్ళముందే ఇలా మూతపడ్డాయి.

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. మావయ్య ఇప్పుడు వేసిన లెక్క మొదట్లో చెప్పిన జూడియో, మీషోల జాబితా కంటే చాలా ముఖ్యమైనది. కొత్తగా వచ్చేవాళ్ళు పెద్ద కంపెనీల పోటీ చూసి భయపడతారు, అమ్ముడుకాని సైజుల గురించి ఆలోచించరు. రెండు వేల రూపాయల చేనేత చొక్కా కొనే మనిషి, మూడొందల కుర్తా కొనే మనిషి ఒకే రోజు ఒకే అవసరానికి బజారుకెళ్ళరు. చిన్న బ్రాండు దెబ్బతినేది ఎక్కువగా ఆ పోటీలో కాదు. కుట్టేసిన సరుకులో డబ్బు ఇరుక్కుని, తర్వాతి పడుగుకి పైకం లేక ఆగిపోతుంది. ఈ విషయంలో నేను పూర్తిగా మావయ్య పక్షమే. అయితే, అందుకని వ్యాపారమే వద్దన్న ఆయన ముగింపు దగ్గర మాత్రం నేను ఆయనతో లేను. ఎందుకో ఆ అమ్మాయి జవాబులో ఉంది.

మేనకోడలు: మీ లెక్కలో తప్పు లేదు మావయ్యా. కానీ అందులో 120 చొక్కాలూ ముందే కుట్టించేశారు. నేనలా కుట్టించను. గుడ్డ 300 మీటర్లూ నేయిస్తాను. ప్రతి రంగులో సైజుకి ఒక్కటి చొప్పున 20 చొక్కాలు మాత్రం చూపించడానికి కుట్టిస్తాను. దానికి 50 మీటర్లు, కుట్టుకి 7,000. మిగతా 250 మీటర్లు తానులుగానే ఉంటాయి. ఆర్డరు వచ్చాకే కోస్తాను. కోయని గుడ్డకి సైజు లేదు కదా. డబుల్ ఎక్స్ఎల్ మిగిలిపోవడమన్న మాటే రాదు. నాలుగు రంగుల్లో ఒకటి ఎవరికీ నచ్చలేదనుకోండి, ఆ తాను మీ కొట్టుకే ఇచ్చేస్తాను. మంగళగిరి గుడ్డని మీటర్ల లెక్కన డ్రెస్‌కి కొనేవాళ్ళు మీ దగ్గరికి రోజూ వస్తూనే ఉన్నారు. పడిన ధరకి పోయినా నా అసలు నాకొస్తుంది.

మావయ్య: కొట్టు నాది పెట్టుకుని వ్యాపారం నీది చేస్తానంటావు.

మేనకోడలు: మీ కమీషన్ మీరు తీసుకోండి.

మావయ్య: తీసుకోకుండా వదలను. సరే, కుట్టు సంగతి చెప్పు. కటింగ్ మాస్టరు గుడ్డ పొరలు పొరలుగా పరిచి ఒకేసారి పదుల చొక్కాలు కోస్తాడు. అందుకే ఆ కూలి గిట్టుబాటవుతుంది. ఒక్కో చొక్కా విడిగా కొయ్యమంటే ఒప్పుకోడు. ఒప్పుకున్నా కూలి రెట్టింపు అడుగుతాడు.

మేనకోడలు: రోజూ కోయించను. ఆదివారం రాత్రి దాకా వచ్చిన ఆర్డర్లు సోమవారం కోత, శనివారానికి కుట్టు, ఇస్త్రీ, పార్సిలు. వారానికి పది పదిహేను చొక్కాలు చేరినా మాస్టరుకి గిట్టేలా మాట్లాడుకున్నాను. 350 ఖర్చు 450 అవుతుంది. చొక్కాకి వంద ఎక్కువ. ఆర్డరు మీద కుట్టే 100 చొక్కాలకి 10,000. మీరు చెప్పిన పద్ధతిలో అలమారలో పడి ఉండేది 52,800. ఈ 10,000 ఖర్చు నేను తెలిసే పెడుతున్నాను.

మావయ్య: పది రోజులు ఎవరాగుతారమ్మా? ఇవాళ నొక్కితే రేపు తెచ్చిచ్చే కాలం ఇది.

మేనకోడలు: జాకెట్టు కుట్టించుకోవడానికి దర్జీ దగ్గర రెండు వారాలు ఆగట్లేదా మన ఆడవాళ్ళు? పెళ్ళిళ్ళ సీజన్లో నెల కూడా ఆగుతారు. కొలతలిచ్చి కుట్టించుకోవడం మనకి అలవాటైన పనే. రెడీమేడ్ వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. నేను కొలతలు మూడు అడుగుతాను, ఛాతీ, భుజం, పొడవు. కుట్టు లోపల అంగుళం గుడ్డ వదులుతాను, బిగుతైతే వాళ్ళ వీధి దర్జీయే వదులు చేస్తాడు. వెనక్కొచ్చే పార్సిళ్ళు కూడా తగ్గుతాయి. ఇంటిదగ్గర డబ్బు తీసుకునే పద్ధతి నేను పెట్టను. కొలతలిచ్చి కుట్టించుకునేవాళ్ళు ముందు డబ్బు కట్టడానికి వెనకాడరు.

మావయ్య: కొందరు వెనకాడతారు.

మేనకోడలు: వెనకాడినవాళ్ళు నా దగ్గర కొనరు. 120 చొక్కాలు అమ్మడానికి ఊరంతా నా దగ్గర కొనక్కర్లేదు.

మావయ్య: ధర విషయంలో ఇంకో మాట, ఇది గుర్తుపెట్టుకో. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. బట్ట ఖరీదు 2,500 దాకా 5 శాతం, దాటితే 18 శాతం. అంతకుముందు వెయ్యి దాటితేనే 12 పడేది. ఈ మార్పు నీకు మేలే, 2,200 చొక్కాకి 12 పోయి 5 అయింది. కానీ నాణ్యత పెంచానని 2,600 పెట్టావో, పన్నుతో కలిపి 3,068 అవుతుంది. 2,500 పెడితే 2,625. వంద పెంచితే కొనేవాడి జేబులోంచి 443 పోతాయి. కాబట్టి నీ చొక్కా 2,500 దాటకూడదు. దాటేలా ఉంటే సన్న జరీ అంచు మానెయ్యి, ఖరీదైన గుండీలు మానెయ్యి. దాటాల్సే వస్తే పూర్తిగా దాటి పట్టు మీదికి వెళ్ళు, మధ్యలో మాత్రం ఆగొద్దు.

మేనకోడలు: దీన్ని నేను ఇంత దూరం లెక్కవేయలేదు. రాసుకున్నాను.

మావయ్య: రాసుకో. ఇప్పుడు అసలు సంగతి. నేతగాళ్ళ దగ్గరికి నేరుగా వెళ్తానని మీ అమ్మతో అన్నావట. మాస్టర్ వీవర్‌ని తప్పిస్తే ఆ కమీషన్ నేతగాడికే ఇవ్వొచ్చని. అది నాకు నచ్చలేదు.

మేనకోడలు: ఎందుకు నచ్చలేదు? దేశంలో నాలుగో చేనేత గణన 2019-20లో జరిగింది. నేత కుటుంబాల్లో దాదాపు మూడింట రెండు వంతుల మందికి నెల ఆదాయం 5,000 లోపేనని తేలింది. 2009-10లో నేత మీదా దాని అనుబంధ పనుల మీదా 43.31 లక్షల మంది ఉండేవాళ్ళు. పదేళ్ళకి 35.22 లక్షలయ్యారు. ఆ ఎనిమిది లక్షల మంది ఊరికే మానేశారా? నేను మీటరుకి 300 ఇస్తే అందులో మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి చేరేదెంతో నాకు తెలియాలి.

మావయ్య: తెలియాలి, కాదనను. కానీ మాస్టర్ వీవర్ ఏం చేస్తాడో కూడా తెలుసుకో. నూలు ధర పెరిగినా తగ్గినా అతనే కొంటాడు. చిలపలు రంగుకి పంపేది అతను. ఆసు పోయించేది, అచ్చు అతికించేది, పడుగు మగ్గానికి చేర్చేది అతను. గుడ్డ అమ్ముడైనా కాకపోయినా కూలి ఇవ్వాల్సిందే. నేతగాడింట్లో పెళ్ళికో ఆసుపత్రికో బయానా ఇచ్చేది కూడా అతనే. నువ్వు అతన్ని తప్పిస్తే ఆ పనులన్నీ నువ్వు చెయ్యాలి. చెయ్యగలవా? నాలుగు పడుగులు వేయించి, అమ్మకం తగ్గి, ఐదో పడుగు ఇవ్వలేకపోయావనుకో. అప్పుడు ఆ నేతగాడు మళ్ళీ పాత షావుకారు దగ్గరికి వెళ్ళాలి. నువ్వు పిలిచావని వదిలేసి వచ్చినవాణ్ణి అతను వెంటనే చేర్చుకుంటాడా? నీ మంచితనానికి ఆ ఇంట్లోవాళ్ళు మూడు నెలలు పస్తులుంటారు.

మేనకోడలు: (కాసేపాగి) ఇది నిజమే.

మావయ్య: వానాకాలం సంగతి కూడా చూడు. మంగళగిరివి గుంట మగ్గాలు. వానలు గట్టిగా పడితే గుంటల్లోకి నీరు ఊరుతుంది. గంజి పెట్టిన పడుగు ఆరుబయట ఆరదు. నేత ఆగిపోతుంది. అది ఎప్పుడు? సరిగ్గా దసరా, దీపావళి ముందు. నీకు సరుకు కావాల్సిన నెలల్లోనే మగ్గం ఆగుతుంది. అందుకే పండగ గుడ్డ ఎండాకాలంలోనే నేయించి పెట్టుకోవాలి. అంటే నీ డబ్బు ఏప్రిల్లో పోయి అక్టోబరులో వస్తుంది. ఈ ఆరు నెలలూ ఎవరు మోస్తారు?

మేనకోడలు: ఇప్పుడు నేతగాడే మోస్తున్నాడు మావయ్యా. నాకు కోపం అక్కడే. వానలకి మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. షాపులవాళ్ళు డబ్బు ఆలస్యం చేస్తే మాస్టర్ వీవర్ ఇచ్చేది ఆలస్యమవుతుంది. మాస్టర్ వీవర్ ఆలస్యం చేస్తే నేతగాడు అప్పు చేస్తాడు. పై నుంచి కింద దాకా ఎవరి ఆలస్యాన్ని వాళ్ళు కిందివాడి మీదికి తోసేస్తున్నారు. మీ వస్త్రలతలో గుడ్డ తీసుకున్న రోజే డబ్బిచ్చేవాళ్ళు ఎంతమంది?

మావయ్య: మాకు ఇచ్చేవాళ్ళెంతమంది? చిల్లర కొట్లవాళ్ళు నా దగ్గర సరుకు తీసుకుని మూడు నెలలకి గానీ డబ్బివ్వరు. పండగయ్యాక మిగిలింది వెనక్కి పంపేవాళ్ళూ ఉన్నారు.

మేనకోడలు: అందుకే చట్టం మార్చారు కదా. తయారుచేసే సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర కొన్నవాళ్ళు ఒప్పుకున్న గడువులోపు, ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లోపు, డబ్బు చెల్లించకపోతే, చెల్లించిన ఏడాది దాకా దాన్ని ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపలేరు. 2024 నుంచి అమల్లో ఉంది. నేను చిన్న పరిశ్రమల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో తయారీదారుగా నమోదు చేసుకుంటాను, అది ఉచితమే. మాస్టర్ వీవర్‌ని కూడా నమోదు చేసుకోమంటాను.

మావయ్య: ఆ చట్టం వచ్చినప్పుడు బట్టల వ్యాపారులు ఎంత గొడవపడ్డారో నాకు తెలుసు. నమోదైన చిన్నవాళ్ళ దగ్గర కొనడమే తగ్గించుకున్నవాళ్ళున్నారు. అమ్ముడైతేనే డబ్బు అని సరుకు పెట్టించుకుంటున్నవాళ్ళున్నారు. చట్టం నీ పక్షాన ఉన్నంత మాత్రాన బజారు నీ పక్షాన ఉండదు.

మేనకోడలు: బజారు లేకపోతే నేరుగా కొనేవాళ్ళకే అమ్ముతాను. షాపులకి అప్పు మీద ఒక్క చొక్కా ఇవ్వను. ముందుగా డబ్బు తీసుకుని అమ్ముతాను కాబట్టి, నూలు డబ్బు, కూలి డబ్బు నేనూ ముందే ఇవ్వగలను. మాస్టర్ వీవర్‌ని తప్పించను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక షరతు పెడతాను. నా పడుగుల మీద నేసేవాళ్ళ కూలి ఎంతో నాకు చెప్పాలి, గుడ్డ మగ్గం దిగిన వారంలోపు అది వాళ్ళ చేతికి అందాలి. ఆ మాట మీదే అతనికి ముందుగా డబ్బిస్తాను.

మావయ్య: నాలుగు పడుగుల దానివి, నీ షరతు ఎవడు వింటాడు?

మేనకోడలు: ఎండాకాలంలో, అందరూ ఆర్డర్లు తగ్గించే రోజుల్లో ముందు డబ్బు పట్టుకుని వచ్చేదాని మాట వింటారు. తానులు నెలల తరబడి నా దగ్గరుంటే ఆ బరువు నాది, నేతగాడిది కాదు. కోయని గుడ్డ అన్నది అందుకు కూడా పనికొస్తుంది. చొక్కాలైతే ఏప్రిల్లో కుట్టి అక్టోబరు దాకా పెట్టుకోలేను, గుడ్డ పెట్టుకోగలను.

ఈ చోట మావయ్య వెంటనే ఏమీ అనలేదు. నిజానికి ఆయన జీవితమంతా నడిచింది అరువు మీదే. అరువు తీసుకుని అరువిచ్చే వరుసలో ఆయన ఎప్పుడూ మధ్యలో ఉన్నాడు, చివర్లో లేడు. చివర్లో ఉన్నది మగ్గం దగ్గరి మనిషి. చేనేతను బతికించాలని మనం ఏటా ఆగస్టు 7న సభలు పెడతాం. 1905లో అదే రోజున కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైందని గుర్తుచేసుకుంటాం. 2015 నుంచి అది జాతీయ చేనేత దినోత్సవం. ఆ సభల్లో మాట్లాడే వక్తలు చేనేత బట్ట కట్టమంటారు. నేసిన వారంలో కూలి ఇవ్వమని అడిగే వక్త నాకు తారసపడలేదు. నా దృష్టిలో కొత్త బ్రాండ్ల విలువని కొలవాల్సింది అక్కడే. పడుగు ఫొటో పెట్టి, నేతన్న నవ్వు ఫొటో పెట్టి అమ్మడం కాదు, ఆయన డబ్బు ఎన్ని రోజులకి అందిందో చెప్పగలగాలి.

మావయ్య: సరే, కాపీ మాట చెప్పు. నీ అంచు బాగా అమ్ముడైందంటే పవర్‌లూమ్ మీద అదే అంచు, సగం ధరకి నెల తిరక్కుండా నా కొట్లోకే వస్తుంది. నేనే అమ్మాల్సి వస్తుంది.

మేనకోడలు: రానివ్వండి. మంగళగిరి పేరుకి భౌగోళిక గుర్తింపు ఉంది, కానీ అది పేరుకే గానీ అంచుకి రక్షణ కాదని నాకు తెలుసు. చేతిమగ్గం గుర్తు లేబులు 2006 నుంచి ఉంది, అది పెడతాను. అంచు మీద నేను ఆధారపడను. కొలతకి కుట్టడం, లాటు నంబరు, కుట్టు లోపల వదిలిన అంగుళం గుడ్డ, ఇవి పవర్‌లూమ్ మీద రావు.

మావయ్య: ఫాబ్ఇండియాని చూసి నేర్చుకున్నావా ఇవన్నీ?

మేనకోడలు: కొంత.

మావయ్య: అయితే పూర్తిగా చూడు. జాన్ బిసెల్ 1960లో మొదలుపెట్టింది ఎగుమతి వ్యాపారం. ఢిల్లీలో మొదటి కొట్టు తెరిచింది 1976లో. పదహారేళ్ళు బయటి దేశాల ఆర్డర్ల మీద నిలదొక్కుకున్నాకే కొట్టు. నీకు అంత వీలు లేదు. అమెరికాలో మన తెలుగువాళ్ళకి పంపుతావని మీ అన్నయ్య అన్నాడు. ఎనిమిది వందల డాలర్ల లోపు పార్సిళ్ళకి సుంకం లేకుండా వెళ్ళే సౌకర్యం 2025 ఆగస్టు 29తో ఆగిపోయింది. ఇప్పుడు ఒక్క చొక్కా పంపినా సుంకం పడుతుంది. డాలస్ నుంచి ఆర్డర్లొస్తాయని రాసుకున్న కాగితం చించెయ్యి.

మేనకోడలు: ఆ కాగితం పక్కన పెట్టాను. చొక్కా డాలస్‌కి పంపను. సంక్రాంతికి ఇంటికొచ్చేవాళ్ళ కొలతలు డిసెంబరు మొదట్లోనే తీసుకుని, విజయవాడలో వాళ్ళమ్మగారింటికి పంపుతాను. మీరు ఫాబ్ఇండియా పేరెత్తారు. మన దగ్గర మల్ఖా కూడా ఉంది. పత్తిని బేళ్ళుగా నొక్కకుండా, పండిన చోటికి దగ్గరలోనే నూలు తీయించి, చేతిమగ్గానికే ఇచ్చే పని అది. ఉజ్రమ్మ గారు ఆ పని మీద ఎన్నో ఏళ్ళు నిలబడ్డారు. అదేమంత పెద్ద వ్యాపారం కాదు. కానీ మల్ఖా గుడ్డ ఏదో తెలిసి, అదే కావాలని కొనేవాళ్ళు దేశమంతా ఉన్నారు. నాకు అంత కూడా అక్కర్లేదు. నాలుగు మగ్గాలకి ఏడాది పొడుగునా పని, నాకు నెలకి ఇల్లు గడిచే డబ్బు. వంద షాపులు పెడతానని నేను ఎక్కడా అనలేదు.

మావయ్య: పెట్టుబడి పెట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళవా?

మేనకోడలు: వెళ్ళను. వాళ్ళు ఏటా రెట్టింపు అవమంటారు. మగ్గం రెట్టింపు వేగంతో నేయదు.

మావయ్య: ఈ ఒక్క మాటతో నాకు సగం భయం తీరింది. మిగతా సగం ఉంది. నీ లెక్కంతా కరెక్టుగా నడిచినా ఇది మొదటి ఏడాది జీతంలా రాదు. ఉద్యోగం వెంటనే మానొద్దు.

మేనకోడలు: మానను. కానీ మొదటి పడుగు ఈ ఏప్రిల్లోనే వేయిస్తాను.

మావయ్య: వేయించు. రెండు రంగులే, నాలుగు వద్దు. 150 మీటర్లు చాలు. మిగిలిన తానులు నా కొట్లో పెట్టుకో, గోడౌను అద్దె అడగను. అప్పు మాత్రం ఇవ్వను. నా డబ్బుంటే నువ్వు లెక్క గట్టిగా చూడవు.

మేనకోడలు: అప్పు అడగను. మీరు నన్ను అడగాల్సింది ఒకటుంది. కూలి వారంలో అందిందో లేదో నెలనెలా అడగండి.

మావయ్య: అడుగుతాను. అందకపోతే ఆ లాటు నా కొట్లో పెట్టుకోను.

ఈ ఇద్దరిలో ఎవరూ పూర్తిగా ఒప్పుకోలేదు. మాస్టర్ వీవర్ షరతుకి కట్టుబడతాడని మావయ్యకి ఇంకా నమ్మకం లేదు. నాకు మాత్రం ఆ అమ్మాయి నిలుస్తుందనే ఉంది. ఎందుకంటే ఆమె తన డబ్బు ఎక్కడ ఆగుతుందో ముందే చూసుకుంది, ఆ ఆగిన డబ్బు బరువు నేతగాడి మీద వేయనంది.

ఈ దారిలోకి రావాలనుకునే వాళ్ళకి నాదో విన్నపం. బ్రాండు పేరుకి ట్రేడ్‌మార్క్ దరఖాస్తు, బట్టలకి 25వ తరగతి, వ్యక్తిగా ఆన్‌లైన్లో పెడితే 4,500 రూపాయలు. అది ఏ రోజైనా పెట్టుకోవచ్చు. అంతకన్నా ముందు మీకు దగ్గరున్న నేత ఊరికి వెళ్ళండి. మంగళగిరి కావచ్చు, పొందూరు కావచ్చు, పోచంపల్లి, నారాయణపేట కావచ్చు. నూలు కొన్న రోజు నుంచి చొక్కా డబ్బు మీ చేతికొచ్చే రోజు దాకా ఎన్నాళ్ళు పడుతుందో, వానలతో సహా, అక్కడి వాళ్ళని అడిగి రాసుకోండి. అన్ని రోజులకీ సరిపడా డబ్బు మీ దగ్గర ఉంటేనే మొదటి పడుగు వేయించండి. లేకపోతే ఇంకో ఏడాది ఆగండి.